నోబిడ్

కొండపి రోడ్డులో పొగాకు షెడ్డు మాది.
పొద్దున ఏడింటికే రేకుల కింద చేరతాం
పదకొండు మందిమి, ఒళ్ళో ఆకు మండె.
నిమ్మపండు రంగుది ఈ పక్క,
మచ్చ పడింది ఆ పక్క,
మంట ఎక్కువై మాడింది కాళ్ళ దగ్గర.
ఏ బ్యారన్ కాడ, ఏ రాత్రి, ఎవరు కునికారో
ఆకు పట్టుకుంటే తెలిసిపోద్ది.

అందుకే సోమవారం
చెంగు నడుముకి దోపకముందే ఎలీశమ్మ అనేసింది:
"రాసేవోడు మారాడే."

ఏం రాసేవోడని ఎవరూ అడగలా.
రాగిచెంబు. రాత్రి ఏడున్నర. ఆరేళ్ళ నించి.

"దమయంతమ్మ తలుపేసిన తీరు చూళ్ళా?
ఆయమ్మ ఎప్పుడన్నా ధడాలున ఏసిందా?
గొళ్ళెం మెల్లిగా పెట్టి అవతల నిలబడుద్ది.
అంతే. ఇవతల మనకి గుండె జారుద్ది."

"ఏడ్చింది గూడా" అంది మస్తానమ్మ.
"మొగుడు పోయిన్నాడు ఏడవని మనిషి
గాజు గ్లాసు పగిలిందని ఏడ్చుద్దా?"

పెంచలమ్మ మనవరాలు తొమ్మిది చదివింది.
మొదట్లో పాటకి పేర్లు పరిగెత్తతంటే
ఫోన్లో ఆపి చూసిందంట.
పాత పేరు లేదు.
ఆ చోటులో ఇంకోటి, పిల్లోడి పేరు మాదిరి.

పాతాయన ఏమయ్యాడు?
పక్షవాతమని ఒకతె.
డబ్బుల కాడ తగాదా అని ఇంకొకతె.
మాలకొండమ్మ ఆకు మడత విప్పతా అంది:
"ఆయన కాదు, ఆమె అయ్యుంటది.
ఎవరికి చద్దన్నంలో ఉప్పు ఎంతో
అడక్కుండా ఏసే చెయ్యి
మగోడికెట్టా తెలుసు?"
కాసేపు ఆకులే చప్పుడు చేశాయి.

గుమాస్తా వచ్చాడు తాళాలు ఊపుకుంటా.
"నోరా, చెయ్యా? ఏది కదులుద్ది మీకు?"
పది అడుగులు పోయి మళ్ళీ తిరిగొచ్చాడు.
"ఇంతకీ కల్యాణి బతికినట్టా, పోయినట్టా?"

పది రోజులు చూశాం.
కుంటి మరిది శుక్రవారం ఎడం కాలు ఎగరేశాడు,
శనివారం కుడి కాలు.
జన్మలో కాఫీ ముట్టని అత్త
కప్పు పట్టుకుని కుట్ర పన్నింది.
చచ్చినోడు లేచొచ్చాడు, క్రాపు కూడా చెదరకుండా.

"నోబిడ్ బేలు" అంది ఎలీశమ్మ.
టంగుటూరు వేలంలో పెడితే
కొనేవోడు ముక్కు పెట్టి చూసి పక్కకి పోతాడంట.
దుమ్ముకి దగ్గతా నవ్వాం, నవ్వలేక దగ్గాం.

ఇది మాత్రం షెడ్డులో చెప్పలా నేను.

నాకూ నా కోడలు కరుణకీ
ఏడున్నర నించి ఎనిమిది దాకా గొడవుండేది కాదు.
ఒకటే మంచం, ఇద్దరం దమయంతమ్మ పక్షం.
వాళ్ళు మాట్లాడతంటే
మాకు మాట్లాడే పని లేదు.

నిన్న రాత్రి ఆ కొత్తోడి మాటలు ఇనలేక
కరుణ సౌండు తగ్గించింది.
తెర మీద నోళ్ళు ఊరికే ఆడతన్నాయి.
ఎటు చూడాలో తెలీక
ఒకరి మొహం ఒకరం చూశాం.

"అత్తా, ఒకటి చెప్తా, ఏమనుకోవద్దు.
ఎండు మెత్తళ్ళ కూర నాకు పడదు."

నాలుగేళ్ళు తినింది.
వారానికి రెండు సార్లు, నేను వడ్డిస్తే.

నేనేం అనాలో ఎవరూ రాసివ్వలా.
"చెప్పి చావొచ్చుగా" అన్నా.
ధడాలున తలుపేసినట్టే పడింది ఆ మాట.
ఆ పిల్ల రిమోటు తీసుకుంది.
పట్టుకుంది గానీ నొక్కలా.
గొంతు సరిచేసుకుని
మళ్ళీ అన్నా, ఇంకోలాగా.
ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు.

ఇయ్యాల షెడ్డులో అందరూ ఒట్టేసుకున్నారు,
ఇంక చూడం, చూస్తే చెయ్యి ఇరిగిద్దని.
గుమాస్తా కూడా తలూపాడు.
నేను ఆకు ఏరతా కూర్చున్నా.
పచ్చాకుని తొలిరోజే తిడితే ఎట్టా అన్నా,
ఎవరూ పట్టించుకోలా.

సందేళ చేతుల జిగురు చింతపండుతో రుద్దుకుంటా
గడియారం వంక రెండు సార్లు చూశా.
రాత్రికి కూర ఏం వండాలో
పొయ్యి కాడికి పోయి అడగాల.